నల్లమలకు వెళ్తున్నారా? కాపాడిన నేలపై విశ్వాసి మర్యాదలు

పర్వతాలు ఎలా నిలబెట్టబడ్డాయో, నేల ఎలా పరచబడిందో మీరు చూడరా అని దివ్య ఖుర్ఆన్ మానవుణ్ణి ప్రశ్నిస్తుంది (అల్ గాషియా: 17-20). భూమిపై సంచరించి, అల్లాహ్ సృష్టిని ఎలా ప్రారంభించాడో గమనించమని మరోచోట ఆదేశిస్తుంది (అల్ అన్కబూత్: 20). కనుక కొండల్ని, అడవుల్ని, జలపాతాల్ని చూడటానికి కుటుంబంతో కలసి బయలుదేరడంలో తప్పేమీ లేదు. సంకల్పం మంచిదైతే ఆ ప్రయాణం కూడా పుణ్యకార్యమే అవుతుంది. అయితే ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మనం వెళ్లి చూసి వచ్చిన చోటు, మనం వెళ్లక ముందు ఎలా ఉందో, మనం వచ్చేశాక కూడా అలాగే ఉందా?

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల వారికి అడవి అనగానే గుర్తొచ్చేది నల్లమల. పండుగ మర్నాడు, అంటే బాసీ ఈద్ రోజున, వేసవి సెలవుల్లో, వానలు పడి వాగులు పారుతున్న రోజుల్లో మన వీధుల నుంచి బండ్లు నిండుగా బయలుదేరతాయి. కొందరు అచ్చంపేట మీదుగా మన్ననూరు, ఫరహాబాద్, శ్రీశైలం డ్యాం వైపు వెళతారు. కొందరు కొల్లాపూర్ మీదుగా కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు వెళతారు. డేగిసాల్లో బిర్యానీ, సంచుల్లో నీళ్ల సీసాలు, పిల్లల చేతుల్లో చిప్స్ పొట్లాలు. ఇది మనందరికీ తెలిసిన దృశ్యమే.

మనం వెళ్లే ఈ అడవి మామూలు అడవి కాదు. 1983లోనే ఇది పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక, కృష్ణకు ఇవతల తెలంగాణలో ఉన్న భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించిన దీని వైశాల్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణులకే ప్రత్యేకించిన కోర్ ప్రాంతం. నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు పెరిగే ఈ కొండల్లో పులి, చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్క, కణితి, చుక్కల దుప్పి, కొండగొర్రె, అలుగు నివసిస్తాయి. కనుమరుగవుతున్న మూషిక జింకల్ని హైదరాబాదులో పెంచి 2017లో తెచ్చి వదిలింది కూడా ఈ అడవిలోనే.

ఒక పొరపాటు

ముందు నా సంగతి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం బాసీ ఈద్ నాడు మా కుటుంబం, మా బావమరిది కుటుంబం కలసి శ్రీశైలం దారిలో వెళ్లాం. మన్ననూరు దాటాక రోడ్డు పక్కన ఒక వాగు కనబడితే బండి ఆపాం. అక్కడ ఆగవచ్చో లేదో ఎవరం ఆలోచించలేదు. దస్తర్ఖాన్ పరిచి భోంచేశాం. వాగులో వుజూ చేసుకుని, శుభ్రమైన దుప్పటి పరిచి జుహర్ నమాజు జమాఅత్‌తో చేశాం. లేచాక దుప్పటికి అంటిన ఆకుల్ని, మట్టిని జాగ్రత్తగా దులిపి మడతపెట్టాం. తిన్న ప్లేట్లు, గ్లాసులు, ఎముకల కవర్లు మాత్రం చెట్టు మొదట్లో అలాగే వదిలేశాం.

బండి ఎక్కుతుండగా మా చిన్నమ్మాయి వెనక్కి చూపించింది. అడవిలో నుంచి వచ్చిన ఒక చెంచు పెద్దాయన మా ప్లేట్లను ఒక్కొక్కటిగా ఏరి గోనెసంచిలో వేస్తున్నాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మా వైపు చూడనైనా లేదు. "అబ్బా, ఆ తాతకు ఎందుకు ఇచ్చాం మన పని?" అని అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. దుప్పటి మీది ధూళిని దులిపినవాణ్ణి, నేల మీద వేసిన చెత్తను వదిలేశాను. నా పరిశుభ్రత ఆ దుప్పటి అంచు దగ్గరే ఆగిపోయిందని ఆ రోజు అర్థమైంది.

కాపాడిన నేల అంటే ఏమిటి?

ఒక నేలను గీత గీసి, ఇక్కడ చెట్టు నరకరాదు, జంతువును వేటాడరాదు అని కాపాడటం ఈ కాలపు కొత్త ఆలోచన అని చాలామంది అనుకుంటారు. ఇస్లామీయ చరిత్ర ఎరిగినవారికి ఇది కొత్త కాదు. మక్కా హరంలో ముళ్లచెట్టును సైతం నరకరాదని, అక్కడి వేటజంతువును కనీసం బెదరగొట్టరాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రకటించారు (బుఖారీ, ముస్లిం). మదీనా చుట్టూ 12 మైళ్ల మేర నేలను ఆయన రక్షిత ప్రాంతంగా చేశారు (ముస్లిం). అటువంటి రక్షిత భూమిని అరబీలో 'హిమా' అంటారు. ఈ విషయంలో హజ్రత్ అబూహురైరా (రజి) చెప్పిన మాట మనసుకు హత్తుకుంటుంది. మదీనాలో జింకలు మేస్తూ తనకు కనబడినా వాటిని తాను బెదరగొట్టనని ఆయన అన్నారు (బుఖారీ). పట్టుకోవడం, చంపడం మాట అటుంచండి, ఉలికిపడేలా కూడా చేయనన్నారు!

నల్లమల మక్కా, మదీనాల వంటి హరం కాదు. ఆ స్థానం మరే నేలకూ లేదు. కానీ ప్రజలందరి మేలుకోసం పాలకులు ఒక నేలను కాపాడటమనే 'హిమా' పద్ధతి నుంచి మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది. ఇస్లాంకు పూర్వం అరబ్బు నాయకులు మంచి పచ్చిక బయళ్లను తమ మందల కోసమే ప్రత్యేకించుకునేవారు, బలహీనులకు అక్కడ ప్రవేశం ఉండేది కాదు. హిమా అనేది అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు మాత్రమే చెందుతుందని ప్రకటించి దైవప్రవక్త (స) ఆ ఆచారాన్ని రద్దు చేశారు (బుఖారీ). అంటే రక్షిత భూమి ఏ ఒక్క పెద్దమనిషి విలాసానికో కాదు, ఉమ్మడి మేలుకోసం.

ఫరహాబాద్ పేరునే చూడండి. అరబీలో 'ఫరహ్' అంటే సంతోషం. నిజాం కాలంలో ఇది పాలకుల వేటకు విడిది. నేడు అక్కడ వేట నేరం. అటవీశాఖ వాహనంలో కూర్చుని, కొండ అంచున నిలబడి, కింద పరుచుకున్న లోయను సామాన్యుడు కూడా చూసి సంతోషించవచ్చు. కొందరి సంతోషం అందరిదైంది. దాన్ని పాడుచేయకుండా ఉంచే బాధ్యత కూడా అందరిదే.

టికెట్టు కూడా ఒక ఒడంబడికే

చెక్‌పోస్టు దగ్గర రుసుము కట్టి లోపలికి వెళ్లేటప్పుడు అక్కడి నియమాలను అంగీకరించినట్లే. ఒడంబడికల్ని నెరవేర్చమని ఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశించింది (అల్ మాయిదా: 1). అభయారణ్యంలో జంతువుల్ని వేధించరాదని, చెత్త వేయరాదని, నిప్పు రాజేయరాదని, మండుతున్న నిప్పును వదిలి వెళ్లరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. వర్షాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు వరకు, కోర్ ప్రాంతంలో సఫారీ ఆపివేస్తారు. "ఎవరు చూస్తారులే" అని దొడ్డిదారిన వెళ్లేవాడు గార్డు కన్నుగప్పవచ్చు. కానీ ఎల్లవేళలా చూసేవాడి కన్నుగప్పగలడా?

ప్రయాణంలో పాటించవలసిన ఆరు మర్యాదలు

1. గొంతు తగ్గించడం. ఎత్తు ఎక్కేటప్పుడు 'అల్లాహు అక్బర్' అని, లోయలోకి దిగేటప్పుడు 'సుబ్‌హానల్లాహ్' అని సహాబాలు స్మరించేవారు (బుఖారీ). మన ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలకు నేర్పడానికి ఇంతకన్నా మంచి సున్నత్ ఏముంటుంది? అయితే ఒక ప్రయాణంలో కొందరు ఈ స్మరణనే బిగ్గరగా అరుస్తుంటే, మీరు పిలుస్తున్నది చెవిటివాణ్ణో, దూరాన ఉన్నవాణ్ణో కాదని, నెమ్మదిగా పలకమని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). దైవస్మరణకే ఈ హద్దు ఉంటే, లౌడ్‌స్పీకర్ పాటలకు, హారన్లకు, ఈలలకు అడవిలో చోటెక్కడిది? అడవి జంతువు చెవులతోనే బతుకుతుంది. శత్రువు అడుగు వినబడేదీ, తప్పిపోయిన పిల్ల అరుపు వినబడేదీ ఆ నిశ్శబ్దంలోనే.

2. తిన్నది, మిగిలినది. తినండి, తాగండి, మితిమీరకండి అన్నది ఖుర్ఆన్ నేర్పిన సూత్రం (అల్ ఆరాఫ్: 31). దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటి అని దైవప్రవక్త (స) బోధించారు (ముస్లిం). ఒకరు వేసినదాన్ని తీయడం ఈమాన్‌లో భాగమైతే, తీసి ఉన్న చోట తెచ్చి వేయడం ఏమవుతుందో మనమే ఆలోచించుకోవాలి. మాంసం వాసన, ఉప్పు రుచి అంటిన కవర్లను దుప్పులు, కణితులు నమిలి మింగుతాయి. ఆ కవరు అరగదు, బయటకు రాదు. కడుపులో అడ్డుపడి, మేత తినలేక జంతువు నెమ్మదిగా కృశించి చనిపోతుంది. పగిలిన గాజుసీసా వాటి కాళ్లను కోస్తుంది. కనుక ఇంటి నుంచి స్టీలు పళ్లేలు, గ్లాసులు తీసుకెళ్లండి. అడవి బయట, అనుమతి ఉన్నచోటే భోంచేయండి. ఒక ఖాళీ సంచి వెంట ఉంచుకుని చెత్తనంతా అందులో వేసి ఇంటికి తెచ్చేయండి. ఎముకల్ని కూడా.

3. నీరు, శుచి. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు (బుఖారీ, ముస్లిం). ప్రజలు నడిచే దారిలో, వారు సేదదీరే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి కారణమని హెచ్చరించారు (ముస్లిం). మరో ఉల్లేఖనంలో నీటి రేవులను కూడా ఇందులో చేర్చారు (అబూదావూద్). వేసవిలో నల్లమలలో నీటి చెలమలు కొన్నే మిగులుతాయి. వాటి చుట్టూనే అడవి ప్రాణులన్నీ చేరతాయి. అటువంటి నీటిలో సబ్బుతో స్నానాలు చేయడం, పసిపిల్లల డైపర్లు పడేయడం వాటి ఏకైక నీటికుండలో విషం కలపడమే. వుజూకు నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

ఇంకో సంగతి గమనించండి. కొల్లాపూర్ వైపు కొండవాలుల మీద పడిన వాన వాగులై కృష్ణలో కలుస్తుంది. అక్కడే ఎల్లూరు వద్ద శ్రీశైలం వెనుక జలాలను కల్వకుర్తి ఎత్తిపోతల పథకం పైకి తోడుతుంది. ఆ నీళ్లే మన ప్రాంతపు పొలాలకూ, కుళాయిలకూ అందుతున్నాయి. అడవి నీటిని కాపాడటమంటే మన వుజూ నీటిని మనం కాపాడుకోవడమే.

4. నిప్పు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయింది. ఆ సంగతి తెలిసినప్పుడు దైవప్రవక్త (స), నిప్పు మీకు శత్రువని, నిద్రకు ముందు దాన్ని ఆర్పేయమని చెప్పారు (బుఖారీ, ముస్లిం). మరో ప్రయాణంలో చీమల పుట్టను ఎవరో తగలబెట్టడం చూసి, నిప్పుతో శిక్షించే అధికారం నిప్పుకు ప్రభువైన వాడికి తప్ప ఎవరికీ లేదని మందలించారు (అబూదావూద్). ఒక్క చీమలపుట్ట గురించి ఇంతటి మందలింపు!

ఫిబ్రవరి నుంచి మే వరకు నల్లమలలో ఆకు రాలి, గడ్డి ఎండి, వెదురు గలగలలాడుతుంటుంది. ఆరిపోయిందనుకుని విసిరిన బీడీ ముక్క, మూడు రాళ్ల పొయ్యిలో మిగిలిన ఒక్క నిప్పుకణిక చాలు. మంట నేలబారుగా పాకిపోతుంది. పెద్ద చెట్లు తట్టుకుని నిలబడవచ్చు. ఆ ఏడు మొలిచిన మొక్కలు, నేలమీద గూడు కట్టే పక్షుల గుడ్లు, తాబేళ్లు, పాములు, చీమలు మాత్రం తప్పించుకోలేవు. గడ్డి కాలిపోయిన వాలుమీద తొలివాన పడగానే పైమట్టి కొట్టుకుపోతుంది. మంటను అడ్డుకోవడానికి ఏటా అటవీ సిబ్బంది అగ్నిరేఖలు తీస్తారు. నిప్పంటుకుంటే ఎండలో పచ్చికొమ్మలతో కొడుతూ ఆర్పేది వారూ, స్థానిక చెంచులే. మన వినోదానికి వారి ప్రాణాల్ని పణంగా పెట్టడం ఏ ధర్మం? అడవిలో పొయ్యి వద్దు, పొగ వద్దు.

5. రాత్రి దారి. రాత్రివేళ ప్రయాణంలో విడిది చేయవలసి వస్తే బాటకు దూరంగా దిగమని, రాత్రుల్లో బాటలు జంతువులు తిరిగే చోట్లని, పురుగుపుట్రకు ఆశ్రయాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు (ముస్లిం). పద్నాలుగు శతాబ్దాల నాటి ఈ మాటను మన్ననూరు దారిలో మనం కళ్లారా చూడవచ్చు. ఈ అడవి గుండా పోయే రోడ్డుపై రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. ఆ వేళల్లో ఆ దారి వాటిది. పగటిపూట కూడా వేగం తగ్గించి నడపాలి. గేటు మూసే సమయానికి చేరాలన్న తొందరలో తొక్కే యాక్సిలరేటరే ఎన్నో మూగప్రాణుల మృత్యువు. పొద్దుండగానే బయటపడేలా ప్రయాణం వేసుకోండి.

6. జంతువులు. భూమిపై నడిచే ప్రతి ప్రాణీ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మీలాంటి సముదాయాలే అని ఖుర్ఆన్ తెలియజేస్తుంది (అల్ అన్ఆమ్: 38). ఒక పిట్ట పిల్లల్ని కొందరు సహాబాలు తీసుకువస్తే, తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దాని పిల్లల విషయంలో దాన్ని బాధపెట్టినదెవరని దైవప్రవక్త (స) అడిగి, వాటిని తిరిగి ఇప్పించారు (అబూదావూద్). సెల్ఫీ కోసం జింక వెంట పరుగెత్తేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

కోతులకు అరటిపండ్లు, బిస్కట్లు వేయడం పుణ్యమని మనలో చాలామంది నమ్ముతారు. ఉద్దేశం మంచిదే, ఫలితం చెడ్డది. అడవిలో పండ్లు తిని గింజల్ని నలుచెరగులా వెదజల్లవలసిన కోతి రోడ్డుపక్కకు చేరి చెయ్యి చాపుతుంది. బండ్ల కింద పడుతుంది. పెట్టకపోతే మీదపడి కరుస్తుంది. దయ చూపదలచినవారు తమ వీధిలో ఒక తొట్టె నీళ్లు పెట్టండి, పొలం గట్టున ఒక పండ్ల మొక్క నాటండి. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నది అతనికి సదఖా అవుతుందని శుభవార్త ఉంది కదా (బుఖారీ, ముస్లిం).

అడవి బిడ్డల హక్కు

హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనలో ఒక రక్షిత పచ్చికబయలుకు హునై అనే వ్యక్తిని కాపలాగా నియమించారు. ప్రజల పట్ల మెత్తగా ఉండమని, పీడితుని మొరకు భయపడమని అతనికి చెప్పారు. కొద్దిపాటి ఒంటెలు, మేకలు ఉన్న పేదల్ని లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ వంటి సంపన్నుల మందల్ని మాత్రం దూరంగా ఉంచమన్నారు. ఎందుకంటే పశువులు చనిపోతే ధనికులకు తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాడు మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని ఖలీఫా ముందు నిలబడవలసి వస్తుంది (బుఖారీ). కాపాడిన నేలపై ఎవరికి ముందు హక్కు ఉందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

నల్లమలలో తరతరాలుగా బతుకుతున్నవారు చెంచులు. ప్రభుత్వం వారిని అత్యంత వెనుకబడిన గిరిజన తెగల్లో ఒకటిగా గుర్తించింది. అడవిలో దొరికే తేనె, బంక, కాయలు, దుంపలపై వారికి గల హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం అంగీకరించింది. కొండల్లో, చెట్లలో ఇళ్లు కట్టుకోమని అల్లాహ్ తేనెటీగకు ప్రేరణ కలిగించాడని, దాని కడుపు నుంచి వెలువడే పానీయంలో స్వస్థత ఉందని ఖుర్ఆన్ చెబుతుంది (అన్నహ్ల్: 68-69). ఆ తేనెను నిలువుకొండల మీంచి తాళ్లతో దిగి తెచ్చేవారు చెంచులే. వారి దగ్గర కొనేటప్పుడు న్యాయమైన ధర ఇవ్వండి, గీచి గీచి బేరమాడకండి. వారి పెంటల్లోకి అడగకుండా జొరబడి ఆడవాళ్ల, పిల్లల ఫొటోలు తీయకండి. మన ఇంట్లోకి ఎవరైనా అలా వస్తే ఊరుకుంటామా?

మన చేతులు సంపాదించినది

2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు మన జిల్లాల ప్రజలు కులమతాలకు అతీతంగా వ్యతిరేకించారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానించింది. అది అభినందించవలసిన విషయమే. కానీ పెద్ద సంస్థ తెచ్చే పెద్ద కీడు మనకు కనబడినంత తేలిగ్గా, మన చేతి నుంచి జారే చిన్న కీడు కనబడదు. మానవుల చేతులు సంపాదించిన దాని మూలంగానే నేలపై, నీటిలో కల్లోలం వ్యాపించిందని, వారు తమ చేష్టల రుచి చూసి మరలిరావాలనే ఇలా జరుగుతోందని ఖుర్ఆన్ బోధిస్తుంది (అర్రూమ్: 41). చేతులు అన్నప్పుడు అందులో మన చేతులూ ఉన్నాయి. యురేనియం వద్దని ఎత్తిన చెయ్యే, కారు కిటికీలోంచి సీసాను విసరడం ఎంత విడ్డూరం!

ప్రియ సోదర సోదరీమణులారా! ఈసారి ప్రయాణానికి ముందురోజు ఇంటిల్లిపాదీ కలసి కూర్చోండి. అమ్మీ పళ్లేలు లెక్కపెట్టనివ్వండి, అబ్బా గేటు వేళలు కనుక్కోనివ్వండి, పిల్లల్లో ఒకరికి చెత్తసంచి బాధ్యత అప్పగించండి. దిగిన చోట సృష్టి కీడు నుంచి అల్లాహ్ శరణు కోరే దుఆను అందరిచేతా చదివించండి. మన కీడు నుంచి ఆ సృష్టికి రక్షణ కల్పించడం కూడా ఆ దుఆ మర్యాదే కదా! తిరిగి బయలుదేరే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. మనం కూర్చున్న చోట నలిగిన గడ్డి తప్ప మరేమీ మిగలకూడదు.

సృష్టిలోని ప్రతి వస్తువూ అల్లాహ్ పవిత్రతను కొనియాడుతోందని, వాటి స్తోత్రం మనకే అర్థం కాదని ఖుర్ఆన్ తెలిపింది (బనీ ఇస్రాయీల్: 44). అలా చూస్తే అడవి నిత్యం దైవస్తోత్రంలో ఉన్న సమూహం. నమాజు చేస్తున్న వారి మధ్య నుంచి మనం ఎలా ఒదిగి నడుస్తామో, అడవిలోనూ అలాగే నడవాలి.

ఆ తరువాతి పండుగకు మేము మళ్లీ వెళ్లాం. ఈసారి సంచి మా చిన్నమ్మాయి చేతిలో ఉంది. మా చెత్తతో పాటు ఎవరో వదిలేసిన నాలుగు సీసాలు కూడా అందులో వేసుకుంది. ఆనాటి పెద్దాయన మాకు మళ్లీ కనబడలేదు. ఆయనకు మేం పడ్డ బాకీ మాత్రం ఇంకా తీరలేదు.

తన భూమిపై మమ్మల్ని మంచి ప్రతినిధులుగా నిలబెట్టమని, మా చేతుల కీడు నుంచి తన సృష్టిని కాపాడమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.